మేకలదొంగ కోసం వచ్చినవాళ్ళు

నాలుగేసి దెబ్బలు మోగితే కొండ జారిందని అర్థం. ఐదేసి మోగితే ఎవడో మేకల్నో గొడ్లనో తోలుకుపోతున్నాడని. కారంగ్‌లెసుంగ్ ఊళ్ళో పాలు మానని పిల్లలకి కూడా ఈ లెక్క తెలుసు. కాపలా పాకలో దూలానికి వేలాడే పనస దుంగ మనిషెత్తు ఉంటుంది. లోపలంతా తొలిచేసి, పొట్టకు సన్నటి చీలిక పెట్టారు. దాన్ని కర్రతో బాదితే వాగు అవతలి ఇళ్ళకు కూడా స్పష్టంగా వినిపిస్తుంది. తాతలనాటి ఏర్పాటు. ఊరు దాన్ని పాడుచేసుకునేదాకా బాగానే పనిచేసింది.

ఆ ఏడాది జిల్లా నుంచి ఆఫీసర్లు దిగారు. కొండ జారితే జనం ఎలా తప్పించుకోవాలో నేర్పుతారట. లురా, అంటే ఊరిపెద్ద, సుహార్జో వాళ్ళ ముందు నాలుగేసి కొట్టించాడు. మొదటిసారి ఆడవాళ్ళు పసివాళ్ళని చంకనేసుకుని, పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి, బంతాట మైదానానికి పరుగెత్తారు. అక్కడ ఆఫీసర్లు అందరికీ పసుపురంగు కోట్లు తొడిగించి ఫొటోలు తీసుకున్నారు. రెండోసారీ ఫొటోలే. మూడోసారికి ఆడవాళ్ళు మొహానికి పౌడరద్దుకుని తీరిగ్గా వచ్చారు. ఆ తర్వాత లురా ముందురోజే ఇంటింటికీ కబురు పంపడం మొదలుపెట్టాడు, "రేపు నాలుగు కొడతాం, కంగారు పడకండి, ఉత్తుత్తిదే" అని. ఆరోసారి దుంగ మోగితే ఊళ్ళో కోళ్ళు కూడా తలెత్తలేదు.

ఐదేసి దెబ్బల సంగతి వేరు. ఉపవాసాల నెల నుంచి ఊళ్ళో పదకొండు మేకలు పోయాయి. దొంగ మాత్రం దొరకలేదు. మగవాళ్ళంతా తలుపుల పక్కన వెదురుకర్రలు నిలబెట్టుకుని చేతులు దురదపెడుతుంటే కూర్చున్నారు. ఆ దురదకి పరుపులమ్ముకునేవాడొకడు దొరికాడు. పాపం, ఎండకు తాళలేక ఎవరిదో మేకలపాక నీడలో కూలబడ్డాడు. ఎవరో ఐదు కొట్టారు. వాడి పళ్ళు రెండు రాలాక తేలింది, వాడు నిజంగా పరుపులవాడేనని. తప్పయిందని ఒక్క నోరూ అనలేదు. పైగా "పాక దగ్గర కూర్చోడమెందుకు మరి" అని వాడిదే తప్పు చేశారు.

లాసియెం కూడా ఆ గుంపులో ఉంది. పోయిన మేకల్లో రెండు ఆమెవే. కాలి చెప్పు తీసి వాణ్ణి ఒకటి వేసింది. ఇంటికొచ్చాక మొగుడు దార్కుం ఆమె మొహం కూడా చూడకుండా, "కడుపు చల్లబడిందా?" అని అడిగాడు. ఆ పూట ఆమెకి అన్నం సహించలేదు. తన చెయ్యి చూసుకుంటే తనకే రోత పుట్టింది. అయినా ఊళ్ళో అందరూ కొట్టారు కదా అని సర్దిచెప్పుకుంది.

ఇది జరిగిన నెలకి మూడు రోజులు ఏకధాటిగా వాన పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం నమాజు అయ్యాక దార్కుం ఇంటి వెనక ఉన్న మేకలపాకలోకి వెళ్ళాడు. మిగిలిన ఒక్కగానొక్క మేక ఈనడానికి సిద్ధంగా ఉంది. లాసియెం ముందు వసారాలో కర్రపెండలం చెక్కు తీస్తోంది. మొదట పచ్చి మట్టి వాసన గుప్పుమంది. ఆ వెంటనే ఇల్లు ఒక పక్కకి జరిగినట్టయింది. ఆమె వెనక్కి పరుగెత్తేసరికి వంటిల్లు లేదు. అది ఉన్నచోట నడుమెత్తు బురద, ఆ బురదలో వేళ్ళు పైకి తేలిన సలక్ పళ్ళచెట్లు.

"ఏమయ్యో," అని పిలిచింది.

"ఇక్కడున్నానే," అని బురద అవతలి నుంచి దార్కుం పలికాడు. "కాలు దూలం కింద పడింది. నీ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. పోయి నలుగుర్ని పిల్చుకురా. పైన ఇంకా వేలాడతా ఉంది, తొందరగా పో."

ఆమె పైకి చూసింది. ఇల్లంత మట్టిపెళ్ళ చెట్లతో సహా బయటికి ఒరిగి ఉంది. అది కూడా దిగితే మనిషి దక్కడు. ఊరికి ఆ ఇల్లు పైకొస. మిగతా ఇళ్ళన్నీ వాగు అవతల ఉన్నాయి. దిగి, దాటి, మళ్ళీ ఎక్కడమంటే అరగంట. కాపలా పాక మాత్రం ఇవతలే, దారి మలుపులో ఉంది. ఆమె అక్కడికి పరుగుతీసింది.

నాలుగు కొట్టింది. ఆగింది. మళ్ళీ నాలుగు. అరచేతులు బొబ్బలెక్కేదాకా నాలుగేసి కొడుతూనే ఉంది. వాగు అవతల రస్మిన్ తన వసారాలో కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. దార్కుంకి చిన్నప్పటి నుంచి నేస్తం, లాసియెంని వదినా అంటాడు. ఆమె కర్ర పైకెత్తి ఊపింది. రేకుల మీద వాన హోరులో అరిచినా వినపడదు. రస్మిన్ ఆమెని చూశాడు. అతను కూడా నవ్వుతూ చెయ్యి ఊపాడు, తర్వాత గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. ఈసారి కబురు తన ఇంటిదాకా రాలేదు గాని, వానలో కూడా ఈ ఆఫీసర్లకి ఫొటోల పిచ్చేమిటి అనుకుని ఉంటాడు. ఇంకో ఇంట్లోంచి ఒక ఆడమనిషి బయటికొచ్చి, చూరు కింద తీగె మీద బట్టలు తీసుకుని లోపలికి పోయింది. అంతకుమించి ఊరు కదల్లేదు.

మనిషి చస్తుంటే కదలనివాళ్ళు మేక పోతే కదులుతారని లాసియెంకి తెలుసు. ఆ సంగతి తెలిసి ఉండటమే ఆమెకి అసహ్యమేసింది. అయినా చేత్తో కర్ర బిగించి పట్టుకుని ఐదు కొట్టింది.

మూడో వరస పూర్తి కాకముందే తలుపులు బార్లా తెరుచుకున్నాయి. రస్మిన్ గ్లాసు ఎటు విసిరాడో, కర్ర పట్టుకుని వెదురువంతెన మీద పరుగెడుతున్నాడు. అతని వెనక పదిమంది. అంత వానలో, అంత జారుడులో, ఒక్కడి అడుగు తడబడలేదు. దేవుడా, వచ్చేస్తున్నారు, అనుకుంది లాసియెం.

వంతెన దాటాక వాళ్ళు ఆమె వైపు తిరగలేదు. నాలుగు మోగితే జనం ఒకచోట చేరాలి. ఐదు మోగితే మాత్రం దుంగ దగ్గరికి ఎవరూ రారు. దొంగ పారిపోకుండా తిన్నగా మేకలపాకల వెనక్కి పోయి దారులు మూసేస్తారు. ఊరికి ఊరు నేర్చుకున్న పద్ధతి అది. ఆ కంగారులో లాసియెంకి ఇది తట్టనే లేదు. వాళ్ళు సలక్ తోటలో పడి, అడ్డదారిన, తన ఇంటి వెనక్కే పోతున్నారని చూశాక గాని తను ఏం చేసిందో అర్థం కాలేదు.

కర్ర పారేసి పరుగెత్తింది. "దొంగ కాదు, కొండ, కొండ," అని అరుస్తూనే ఉంది. దారిలో జారి రాళ్ళ మీద పడింది. లేచేసరికి మోకాలు నిలవలేదు. కుంటుకుంటూ పోయింది.

ఈలోపు దార్కుం దూలం కింద బురద తవ్వి తనంతట తనే కాలు లాక్కున్నాడు. ఆమె రావడం ఆలస్యమైందని మేకను కూడా బయటికి తీసి, మెడ మీద వేసుకుని, పాక వెనక నుంచి పాక్కుంటూ తోటలోకి వచ్చాడు. తల నుంచి కాళ్ళదాకా బురద. మనిషని తెలుస్తుంది తప్ప ఏ మనిషో తెలియదు. ఎదురుగా కర్రలు పట్టుకున్న పదకొండుమంది ఆగారు. వాళ్ళకి కనపడిందల్లా మెడ మీద మేకతో చాటుగా పాకుతున్న ఒకడు.

లాసియెంకి ముందు చప్పుడు వినపడింది. తడిసిన పరుపుని ఉతుకుతున్న చప్పుడు. మలుపు తిరిగేసరికి వాళ్ళు గుండ్రంగా నిలబడి ఉన్నారు, మేక పక్కన నిలబడి అరుస్తోంది. ఆమె ఇద్దర్ని పక్కకి లాగి మధ్యలో పడింది. కింద ఉన్నవాడి మొహం మీద బురదను వాన అప్పటికే కొంత కడిగేసింది.

"మా ఆయన," అంది.

కర్రలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఎవడో "అయ్యో, దార్కుమన్నే" అన్నాడు. ఆ కర్రలనే రెండింటిని తీసుకుని, లుంగీ కట్టి, డోలీ చేసి కిందికి మోశారు. వంతెన దగ్గరికి చేరకముందే దార్కుం చనిపోయాడు. వేలాడిన మట్టిపెళ్ళ సాయంత్రందాకా దిగలేదు.

దార్కుం పోయిన మూడో రోజు సాయంత్రం ప్రార్థనకి ఊరి మగవాళ్ళంతా వచ్చి, ఇంట్లో మిగిలిన ముందు వసారాలో చాపల మీద కూర్చున్నారు. ఆ పదకొండుమందీ వచ్చారు, రస్మిన్ ముందు వరసలోనే. ఉతికిన లుంగీలు, నల్లటోపీలు, అత్తరు. చచ్చినవాడికి స్వర్గం ఇమ్మని ఆ నోళ్ళే గొంతు కలిపి అడిగాయి. ప్రార్థనకి వచ్చినవాళ్ళందరికీ పోయినవాడి పేరున అన్నం పొట్లాలు పంచాలి. ఆమెకి వంటిల్లు లేదు కాబట్టి ఆ మగవాళ్ళ పెళ్ళాలే వేరే ఇంట్లో వండి, గుడ్డు, కూర పెట్టి కట్టి తెచ్చారు. పద్ధతికి ఎక్కడా లోటు రానివ్వలేదు.

ప్రార్థన అయ్యాక లురా గొంతు సవరించుకుని ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు.

"చూడు చెల్లెమ్మా, అంతా నీ మంచికే. కొండ జారి పోయాడని రాశాం. జిల్లా నుంచి సాయం వస్తుంది, ఇల్లు కూడా కట్టిస్తారు. వేలిముద్ర వెయ్యి."

"కొండ చంపలేదుగా," అంది లాసియెం.

"కొండ జారకపోతే ఇదంతా ఎందుకు జరిగేది చెప్పు. ఊరన్నాక కలిసుండాలి. రేపు వీళ్ళంతా జైలుకి పోతే పోయినవాడు తిరిగొస్తాడా?" అని గొంతు తగ్గించాడు. "ఐదు కొట్టింది కూడా నువ్వే కదమ్మా. ఆ మాట మేం ఎత్తట్లేదు, చూశావా?"

అదీ ఆయన చేస్తున్న ఉపకారం. లాసియెం అతన్ని వదిలేసి రస్మిన్ వైపు తిరిగింది.

"నీ దెబ్బే మొదటిదంట కదా."

"వదినా, బురదలో నాకేం తెలిసిద్ది. నువ్వు ఐదు కొట్టావు, మెడ మీద మేకుంది."

"ఆయన ఏమన్నా అన్నాడా?"

రస్మిన్ చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు, చెప్పొద్దని. అయినా చెప్పాడు. "రస్మిన్, నేనేరా, అన్నాడు."

"అన్నాక?"

"వెనకున్నోళ్ళు ఆగలా వదినా."

"నువ్వు ఆగావా?"

రస్మిన్ చాప అంచులోంచి ఇంకో పీచు లాగాడు. లాసియెంకి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. కుళ్ళిన చేపను గంపలో చూసినట్టు వాళ్ళను చూసింది. పరుపులవాణ్ణి చెప్పుతో కొట్టిన తన చెయ్యి కూడా ఆ గంపలోదేనని ఆమె మరిచిపోలేదు.

"రాయండి లురాగారూ," అంది. "ఐదు కొట్టింది లాసియెం అని ముందు రాయండి. ఆ కింద ఈ పదకొండు పేర్లూ రాయండి. అప్పుడేస్తా వేలిముద్ర."

"అలా రాస్తే నీకు చిల్లిగవ్వ రాదమ్మా. ఇల్లు రాదు."

"నాకు ఇల్లు రాకపోతే మానె. వీళ్ళ పేర్లు రావాలి."

లురా నిట్టూర్చి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆడది దుఃఖంలో ఉంది, రెండు రోజులాగి మళ్ళీ మాట్లాడదాం, అన్నాడు అందరికీ వినపడేట్టు. మగవాళ్ళు మెల్లగా లేచారు. గడప దగ్గర చెప్పులు వెతుక్కున్నారు. మొహాలు దించుకునే ఆమె ముందు నుంచి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఎవ్వరూ మాత్రం తమ అన్నం పొట్లం మరిచిపోలేదు.