నవ్వు రాని సీను

మా ఇంట్లో రాసేది నేను, అరిచేది ఆయన. పేరు మాత్రం ఆయనదే. వీధిలో అందరూ ఆయన్ని వందగొంతులాయన అంటారు, నన్ను వందగొంతులాయన భార్య అంటారు. నాకున్న ఒక్క గొంతునీ ఎవరూ పట్టించుకోరు, అది వేరే సంగతి.

ఆయన మిమిక్రీ కళాకారుడు. రైలు కూతలు, పిల్లుల పోట్లాటలు, నాయకుల దగ్గులు చేసి పొట్ట పోసుకునేవాడు. ఆ మధ్య మా కింది ఫ్లాట్ ముసలాయనకి ఎవడో పోలీసునని ఫోన్ చేసి బెదిరించాడు. ఆ ముసలాయన ఉన్నదంతా ఊడ్చి పంపించేసి, ఆ తర్వాత సిగ్గుతో మెట్లు దిగడమే మానేశాడు. అది చూసి మా ఆయన కడుపు మండిపోయింది. "నా దగ్గరున్నది గొంతొక్కటే. దాంతోనే ఏదో ఒకటి చేద్దాం, నువ్వు రాయి" అన్నాడు. రాశాను. అప్పట్నుంచి అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో, లైబ్రరీ హాళ్ళలో పైసా తీసుకోకుండా ఆడుతున్నాం. స్టేజీ మీద ఒక కుర్చీ, ఒక ఫోను. దొంగపోలీసూ ఆయనే, భయపడే బామ్మా ఆయనే. దొంగ "అరెస్టు చేసి లోపలేస్తా!" అని గర్జిస్తాడు. బామ్మ "ఉండు నాయనా, చెవి మిషను పెట్టుకునొస్తా" అంటుంది. జనం పడీ పడీ నవ్వుతారు.

మొదటి ప్రదర్శనకి మా అత్తయ్య ముందు వరసలో కూర్చుంది. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. కూరగాయలవాడు చెప్పిన బరువే కాదు, వాడి తక్కెడని కూడా నమ్మదు. కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం, "బానే ఉందిరా. కానీ అలా అరిచేవాడి మాట ఎవడు నమ్ముతాడు?" అంది.

"జనం నవ్వాలి కదమ్మా" అన్నాడు ఆయన.

నిజానికి నేను అరవని దొంగని కూడా రాశాను. ప్రదర్శన అయ్యాక మోసపోయినవాళ్ళు ఒక్కొక్కరూ నా దగ్గరికొచ్చేవాళ్ళు. నేను వైర్లు చుట్టుకుంటుంటే పక్కన నిలబడి, గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు. అందరిదీ ఒకటే మాట: "చాలా మర్యాదగా మాట్లాడాడమ్మా." ఏం మాట్లాడాడో అడిగి, అందరి మాటలూ కలిపి ఒక సీను రాశాను. మా ఆయన చదివి తల గోక్కున్నాడు. "ఇందులో నవ్వేదీ? జనం లేచిపోతారు" అని తీసేశాడు. నాకు ముక్కు మీద కోపం. చాలా రోజులు ఆయనతో పొడిపొడిగా మాట్లాడాను. తర్వాత నేనూ వదిలేశాను.

ఆ రోజు క్లినిక్‌లో నా డ్యూటీ మధ్యాహ్నానికే అయిపోయింది. ఇంటికొచ్చేసరికి టేబుల్ మీద అత్తయ్య టిఫిన్ పళ్ళెం మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. పక్కన వాడేసిన ఇన్సులిన్ సూది. సూది వేసుకుని ఏమీ తినకపోతే ఏమవుతుందో, డాక్టరు దగ్గర పనిచేసే నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆవిడ గది తలుపు లోపల గడియ వేసి ఉంది.

"అత్తయ్యా!"

లోపల మాటలు ఆగిపోయాయి. ఆవిడ ఫోను స్పీకర్‌లో ఉన్నట్టుంది. మెత్తగా, నిదానంగా ఒక మగగొంతు అడిగింది: "ఎవరమ్మా అది?"

"మా కోడలి గొంతు నాయనా."

"జాగ్రత్తమ్మా. మీ అబ్బాయికి ఎన్ని గొంతులొచ్చో నాకంటే మీకే బాగా తెలుసు."

"అత్తయ్యా, నేనే! వాడు దొంగ. ఫోన్ పెట్టేసి తలుపు తీయండి!"

"ఒరేయ్," అందావిడ. గొంతులో ఏడుపు ఉంది. ఆవిడ ఏడుపు నేనెప్పుడూ వినలేదు. "దాని గొంతు కూడా బాగా చేస్తావని నాకు తెలుసురా. అవతలికి పో. నిన్ను జైల్లో పెట్టకుండా ఆపడానికే ఇదంతా."

వాడల్లిన కథ ముక్కముక్కలుగా తలుపు సందులోంచి నా చెవిన పడింది. ఎవడో గొంతులు మార్చి ఫోన్లు చేసి ముసలివాళ్ళని దోచుకుంటున్నాడట. ఆ ఎవడో మా ఆయనేనట. అరెస్టు ఆగాలంటే అత్తయ్య తన డబ్బంతా తనిఖీ కోసం వాళ్ళకి పంపాలి, అదయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడకూడదు, బయట ఏ గొంతు వినిపించినా అది కొడుకుదే అనుకోవాలి. మా ఆయన వీడియోలు అందరూ చూస్తారు. దొంగ కూడా చూశాడన్నమాట. మేం దొంగల మీద ఆడుతున్న ఆటని వాడు తెచ్చి మా ఇంట్లోనే ఆడుతున్నాడు.

తలుపుకి భుజం ఆనించి ఒక్క తోపు తోశాను.

"తలుపు మీద దెబ్బ పడిందంటే ఇప్పుడే పంపించేస్తా!" అని అరిచింది అత్తయ్య.

ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. ఫోన్లో డబ్బు పంపడం ఆవిడకి నేర్పించింది నేనే. ఎంత ఓపిగ్గా నేర్పానో తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. వైఫై కట్టేశాను. ఆవిడ ఫోన్లో డేటా ఉంది, అదీ నేను వేయించిందే. బ్యాంకుకి చేస్తే ఖాతా ఉన్నవాళ్ళే మాట్లాడాలన్నారు. పోలీసులు బయల్దేరామన్నారు. నిజం పోలీసులు వచ్చి తలుపు కొడితే వాడి కథకి ఇంకా బలమే తప్ప ఒరిగేదేముంది?

మా ఆయన సగం మీసంతో వచ్చాడు. స్టేజీ మీద ఉండగా నా ఫోన్ అందుకుని అలాగే పరిగెత్తుకొచ్చాడు. దొంగపోలీసు మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పాను. తలుపుకి చెవి ఆనించి విన్నాడు. కొత్త గొంతు దొరికినప్పుడల్లా కళ్ళు మూసుకుని వింటాడే, అలాగే విన్నాడు. "ఛ, ఎంత బాగా మాట్లాడుతున్నాడు!" అన్నాడు. తల్లి ప్రాణం మీదికొస్తే కూడా ఈయనకి కళే కనిపించిందని ఒళ్ళు మండిపోయింది నాకు.

"నాకు వదిలేయ్" అని సైగ చేసి, తలుపు దగ్గర నోరు పెట్టాడు.

"అమ్మా, పనైపోయింది. మీ అబ్బాయి మీద కేసు కొట్టేశాం. ఇక తలుపు తీయండమ్మా."

అచ్చం వాడి గొంతే. అదే మెత్తదనం, మాటకీ మాటకీ మధ్య అదే జాలి. ఆయన జీవితంలో అంత బాగా ఏ గొంతూ చేయలేదు.

లోపల ఫోన్లో చిన్నగా నవ్వు వినిపించింది. "విన్నారా అమ్మా? నా గొంతు కూడా పట్టేశాడు. ఇంకా అనుమానముందా?"

"అయ్యో, నిజమేనా!" అని అత్తయ్య పెట్టిన కేక విని మా ఆయన గోడకి ఆనుకుని కింద కూలబడ్డాడు. నోరు తెరిచాడు. ఏ గొంతూ రాలేదు.

"బ్యాంకు పేజీ తెరిచారా అమ్మా?"

"తెరిచాను నాయనా. అంకెలు సరిగ్గా కనబడటంలేదు. కళ్ళు తిరుగుతున్నాయి."

షుగర్ పడిపోతోంది. ఇక్కడ నిలబడి నాకు చెమటలు పడుతున్నాయి, అక్కడ ఆవిడకీ పడుతూ ఉంటాయి. రెండూ ఒక రకం చెమటలు కావు.

"కాసిన్ని నీళ్ళు తాగండమ్మా. తొందరేం లేదు. నేను లైన్లోనే ఉంటాను."

ఆ మాట వినగానే ఉలిక్కిపడ్డాను. అది నేను రాసిన మాట. మోసపోయిన అంతమంది నోటా విని, కామా కూడా మార్చకుండా రాసిన మాట. దాని తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసు.

మా ఆయన జేబులోంచి మా ప్రదర్శన కరపత్రం లాగి, నేల మీద పెట్టుకుని, వెనకవైపు గబగబా రాశాను. 'అత్తయ్యా, గొంతులు నమ్మొద్దు, నాదీ నమ్మొద్దు. వాడిప్పుడు అనబోయేవి ఇవి. మా అమ్మ కూడా టీచరే. నేను మీ కొడుకులాంటివాణ్ణి. మా పై ఆఫీసరు మంచివాడు కాదు, ఆయన వచ్చేలోపు పని ముగించుకుందాం. ఇదే వరస. చూస్తూ ఉండండి.'

నా రాత చూసినప్పుడల్లా కోడి గెలికినట్టుందని ఆవిడ సాధించేది. ఎప్పుడూ మండిపడేదాన్ని. ఆ పూట ఆ కోడిగీతలే దిక్కయ్యాయి. మా ఆయనకి ప్రపంచంలో అందరి గొంతులూ వచ్చు, నా రాత మాత్రం రాదు.

కాగితాన్ని తలుపు కిందినుంచి తోశాను. ఒక అంచు మా వైపు మిగిలింది. ఇద్దరం ఆ అంచుకేసే చూస్తూ కూర్చున్నాం. కదల్లేదు. లోపల గ్లాసు కింద పెట్టిన చప్పుడు. మంచం కిర్రుమంది. కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు. కాగితం అంచు నెమ్మదిగా లోపలికి వెళ్ళిపోయింది.

కాగితం కనబడితే చదవకుండా ఉండలేదు మహాతల్లి.

"తాగారా అమ్మా?" అంది ఫోను. "మీతో మాట్లాడుతుంటే మా అమ్మ గుర్తొస్తోంది. మా అమ్మ కూడా టీచరే."

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"అలాగా" అంది అత్తయ్య.

"నేను మీ కొడుకులాంటివాణ్ణి. మా పై ఆఫీసరు మంచివాడు కాదు, ఆయన వచ్చేలోపు..."

"ఏ బడిలో?"

"అమ్మా?"

"మీ అమ్మ. ఏ బడిలో చెప్పేది?"

వాడు ఒక్క క్షణం తడుముకున్నాడు. "నేను మీ కొడుకులాంటివాణ్ణమ్మా. మా పై ఆఫీసరు మంచివాడు కాదు, ఆయన..."

"ఆగాగు. ఏ తరగతికి చెప్పేది?"

"అమ్మా, నేను మీ కొడుకులాంటివాణ్ణి..."

అప్పుడు వినిపించింది అసలైన గొంతు. వరండాలో పరిగెత్తే పిల్లల్ని ఉన్నచోటే నిలబెట్టే గొంతు.

"కంఠతా పట్టావు. అందుకే ఆపిన ప్రతిసారీ మొదటికి పోతున్నావు. ఏదీ, మధ్యలోంచి చెప్పు చూద్దాం!"

ఫోన్ కట్ అయిపోయింది.

గడియ తీయడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. తలుపు తెరుచుకోగానే నా మీదికి ఒరిగిపోయింది. మా ఆయన వంటింట్లోకి పరిగెత్తి పంచదార నీళ్ళు తెచ్చాడు, సగం తన కాళ్ళ మీదే ఒలకబోసుకున్నాడు. తాగించాం. తినిపించాం. ఒంట్లో వణుకు తగ్గాక ఆవిడ బ్యాంకు పేజీ మూసేసి ఫోను నా చేతిలో పెట్టింది. ఏమీ పోలేదు. నాకు ఏడుపాగలేదు.

"మొదటి రోజే చెప్పాను కదురా, అరిచేవాడి మాట ఎవడూ నమ్మడని" అంది కొడుకుతో.

ఆయన తల వంచుకున్నాడు. మీసం ఇంకా వేలాడుతూనే ఉంది. నేనే పీకేశాను.

"అయినా ఒరేయ్," అంది ఆవిడ, ఈసారి ఆయనవైపు చూడకుండా. "నేను మోసపోయింది వాడి మెత్తదనానికి కాదు. నువ్వు ఆ పని చేసి ఉంటావని పొద్దున్నుంచీ నమ్మాను చూడు, అదే నన్ను చంపుతోంది."

ఆయన వెళ్ళి ఆవిడ పాదాల దగ్గర కూర్చున్నాడు. ఆవిడ ఆయన తల మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది. తర్వాత నావైపు తిరిగి, "వీడు తీసేసిన ఆ సీను మళ్ళీ పెట్టు. దొంగ వేషం నాది" అంది.

నిజం పోలీసులు ఆలస్యంగా వచ్చి, వాడి ఫోను నంబరు రాసుకుని వెళ్ళారు. తర్వాతి ప్రదర్శన ఒక లైబ్రరీ హాల్లో. కుర్చీలో ఫోను పట్టుకుని మా ఆయన, పక్కన నిలబడి అత్తయ్య. ఆయన "సరే నాయనా" తప్ప ఇంకో ముక్క అనడు, ఆ సీన్లో ఆయనకి నేను రాసింది అంతే. అత్తయ్య మాట్లాడుతుంటే హాల్లో ఒక్క నవ్వు లేదు. జనం లేచిపోతారేమోనని నేను హాలు తలుపువైపే చూస్తున్నాను. ఎవరూ లేవలేదు. "నీళ్ళు తాగండమ్మా. నేను లైన్లోనే ఉంటాను" అందావిడ.

అప్పుడు లేచాడు ముందు వరసలో ఒక పెద్దాయన. లేచి అక్కడే నిలబడిపోయాడు.

"మేడం," అన్నాడు. "అచ్చం ఇలాగే." జేబులోంచి ఫోను తీసి చూపించాడు. తెర వెలుగుతోంది. "ఇంకా లైన్లోనే ఉన్నాడు. కట్ చేయొద్దన్నాడు. ఎవరికీ అనుమానం రాకుండా రోజూ వెళ్ళేచోటికే వెళ్ళమన్నాడు. నేను రోజూ ఇక్కడికొచ్చి పేపరు చదువుతాను."

మా ఆయన కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయాడు. అత్తయ్య స్టేజీ అంచుదాకా నడిచి, వంగి, చెయ్యి చాపింది. పిల్లలు వెనక దాచుకున్నది తీసుకోవడానికి జీవితమంతా చాపిన చెయ్యి అది.

"ఇటివ్వండి."

పెద్దాయన ఇచ్చాడు. ఆవిడ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"పాఠం ఎక్కడిదాకా వచ్చింది నాయనా?" అంది, చాలా మెత్తగా.