రాయి జాడ చెప్పే కెమెరా

అసలు ఆ ముక్కు అలా ఎగబీల్చడం ఎందుకో, ఏ ఊరమ్మా మీది అని అడిగి నేను చెప్పగానే ఈ షాపు నగరేశ్వరరావుగారి ముక్కు రెండుసార్లు కదిలింది, పొద్దున్నే తలంటుకుని ఉతికిన చీర కట్టుకుని వచ్చాను, అయినా సముద్రం పక్క ఊరి పేరు వినపడితే చాలు వీళ్లకి చేపల కంపు కొట్టేస్తుంది, కంపేదైనా ఉంటే అది ఆయన చేతిలోని మగ్గుది, నీళ్లలో ముంచినా ఏం కాదు చూడండి అంటూ కెమెరాని ముంచుతున్నాడే ఆ ప్లాస్టిక్ మగ్గుది, అంచున పచ్చగా పాకుడు, లోపల ఒక ఈగ తేలుతోంది, ముంచి తీసి లెన్సుని బొటనవేలితో తుడిచాడు, ఇందాక పకోడీ తిన్నది ఆ వేళ్లతోనే, ఛీ, మూడేళ్లుగా రోజూ బస్సెక్కి ఈ విజయనగరం వచ్చి స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు చేసే దాన్ని, లెన్సుని వేలితో తుడిచేవాణ్ని చూస్తే చేతిలోంచి లాక్కోవాలనిపిస్తుంది.

రెండు పెట్టాడు నా ముందు, ఒకటి ఎర్రది ఒకటి నల్లది, రెండూ గుప్పిట్లో పట్టేవే, తమ్ముడు నాగబాబు కోసం, వాడు ఈమధ్య టూరిస్టులని సముద్రం అడుక్కి తీసుకెళ్లే పనిలో చేరాడు, సిలిండరు కట్టుకుని దిగుతాడు, ఫొటోలు కూడా నేర్చుకుంటాడట, అక్కనైన నన్ను పట్టుకుని అప్పా, మంచి కెమెరా సూడే, నాకేటి తెలుస్తాది, తీసినవి నువ్వే కంప్యూటర్లో బాగు సెయ్యాల, అయ్య రాయి నీళ్ల కింద ఎలగుంటాదో అయ్యకే సూపిస్తాను, నలభై ఏళ్లు పైన కూకుని గేలం ఏసినోడు ఒక్కసారైనా సూడాల కదా అన్నాడు, రాయంటే సముద్రం అడుగున చేపలు చేరే గుట్ట, అది ఎక్కడుందో మా అయ్యకీ వాడికీ తప్ప ఎవరికీ తెలియదు, పిచ్చి సన్నాసి, మా సముద్రం క్యాలెండర్లో ఉన్నట్టు నీలంగా ఉండదు, మడ్డినీళ్లు, దూరం నుంచి తీస్తే ఫ్లాషు నలుసుల మీద పడి ఫొటో నిండా తెల్లచుక్కలే, కొత్తవాడికి కావాల్సింది చేపకి బెత్తెడు దూరంలోంచి తీయగలిగేది, లోతుకెళ్తే పోయే ఎర్రరంగుని మళ్లీ తెచ్చేది, తడిచేతికి అందే పెద్ద బటన్లు, ఇంకాస్త లోతుకి దిగితే పైన వేసే తొడుగు, అవన్నీ నల్లదానికి ఉన్నాయి, ఎర్రదానికి ఎక్కువగా ఉన్నది ఒక్కటే, ఏ ఫొటో ఏ చోట తీశారో ఇట్టే చెప్పేస్తుందమ్మా, జీపీయస్ ఉంది, ఈ రోజుల్లో అది లేకపోతే ఏం కెమెరా అంటున్నాడు, మోకాలి లోతు సముద్రంలో కూడా ఎప్పుడూ దిగి ఉండడు.

జీపీయస్ అనగానే పొద్దుటి మాట పుల్లటి తేన్పులా గొంతులోకి వచ్చింది, నా మొగుడు కొండబాబు మాట, గుమ్మంలో నిలబడి పుల్లతో పళ్లు కుట్టుకుంటూ, ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి, పెళ్లయిన తొమ్మిదేళ్లలో నాకో జడపిన్ను తేని మనిషి, బావమరిది కెమెరాకి సగం తనే ఇస్తానన్నాడు, ఏటి సంగతి అంటే నవ్వాడు, ఒసే, జీపీయస్ ఉన్నదే తే, ఆడు ఎలాగూ మీ అయ్య రాయి కాడ దిగుతాడు, కార్డు నీ సేతికే వస్తాది, ఆ మీద నాను సూసుకుంటాను, అంటూ పుల్లకి అంటిన చేపతునకని మళ్లీ నోట్లో వేసుకుని నమిలాడు, కొండబాబుది రింగువల, అయ్యది గేలం, ఒక్కొక్క కోనాం చేప తగిలే ఆ రాయి చుట్టూ వీడు వల తిప్పితే వారంలో ఊడ్చిపెట్టినట్టు అయిపోతుంది, అరవై అయిదేళ్ల అయ్య ఇంకో రాయి ఎక్కడ వెతుక్కుంటాడు, పడవలో జీపీయస్ పెట్టె పెట్టనివ్వడు, రాయికి వెళ్లే రోజు నాగబాబు ఫోను కూడా ఒడ్డునే వదలమంటాడు, ఇంత జాగ్రత్తపడే మనిషికి చేపల ఫొటోలు తీసే కెమెరా కూడా చోటు చెబుతుందని కలలోకైనా రాదు, అదంతా తెలిసి నేను కాదనలేదు, సరే అని బస్సెక్కాను.

నాకు పదకొండేళ్లప్పుడు, అంబలి గిన్నె పట్టుకుని ఒడ్డుకి వెళ్తే అయ్య అప్పలసూరి ఇసకలో గీతలు గీసి గవ్వలు పెడుతున్నాడు, ఇది కొండ, ఇది తాటితోపు, కొండ నెత్తి తోపు మీదికి వచ్చినప్పుడు ఇటు సూడాల అని ఎనిమిదేళ్ల నాగబాబుకి రాయి జాడ నేర్పుతున్నాడు, మా తాత అయ్యకి అలాగే నేర్పాడట, నా నీడ పడగానే అయ్య కాలితో మొత్తం చెరిపేశాడు, ఏటయ్యా అది అంటే, ఆడపిల్లకి సెప్పిన రాయి అత్తోరి పడవెక్కెస్తాదే, నీకెందుకు, ఎల్లు అన్నాడు, కోపంగా కూడా కాదు, అంబలిలో ఉప్పు ఎక్కువైందన్నంత మామూలుగా, అప్పటికి నాకు అత్తారూ లేరు పడవా లేదు, దొంగని మాత్రం అయిపోయాను, ఆ పాదం అటూ ఇటూ కదలడం ఇప్పటికీ కళ్లముందే ఉంది, అంత అసహ్యం నాకు ఇంకెప్పుడూ వేయలేదు, ఇవాళ పొద్దుటిదాకా.

ఎందుకంటే బస్సులో వస్తున్నంతసేపూ నేను కొండబాబుని తిట్టుకోలేదు, ఏ మోడల్లో జీపీయస్ ఉందా అని ఫోన్లో వెతికాను, వాడి కోసం కాదు, ఒక్కసారి, స్టూడియో కంప్యూటర్ మీద, ఎవరూ లేనప్పుడు ఆ చుక్క చూసి చెరిపేస్తాను, వాడికి చెప్పను, అనుకున్నాను, ఎంత అబద్ధం, రాత్రి అన్నానికి కూర్చోకముందే వాడు నా మొహం చూసి కక్కిస్తాడు, అది నాకు తెలుసు, తెలిసే అనుకున్నాను, వాడి పళ్లసందు తునకకీ నాకూ తేడా ఏముంది, ఇప్పుడు కూడా చూడు, నల్లదే మంచిదని నోరు చెబుతోంది, చెయ్యి ఎర్రదాని మీద ఉంది, పాకుడు నీళ్లతో జిగటగా ఉన్నా తీయడం లేదు.

ఎర్రదే ప్యాక్ చేయించమంటారా అమ్మా, అందరూ అదే పట్టుకెళ్తున్నారు అంటున్నాడు నగరేశ్వరరావుగారు, ఉండండి అన్నాను, ఇన్నేళ్లూ అయ్యకి వినపడేలా అమ్మ దగ్గర, నాగబాబు దగ్గర, ఏం చేశానని నన్ను నమ్మలేదు, ఏం తప్పు చూశాడని చెరిపాడు అని అడుగుతూనే ఉన్నాను, విని అయ్య తల తిప్పేసుకుంటాడు, అలా తిప్పేసుకున్న ప్రతిసారీ గెలిచింది నేనే, ఈ ఎర్రది ఇంటికి పట్టుకెళ్తే ఆయన అన్నదే నిజమవుతుంది, ఆయనిక తల తిప్పుకోనక్కర్లేదు, నల్లదివ్వండి, అవునండీ నల్లదే, ఆ రాయిలో నాకు వచ్చిన వాటా అయ్య మీద ఈ కోపం ఒక్కటే, ఎర్రది కొంటే అదీ పోతుంది.