కొలువులో కూర్చున్న హాస్టలు

నేను ఒక విశ్వవిద్యాలయాన్ని. కంగారు పడకండి, భోజనాల బల్లంత ఉంటాను. నగరం నడుమ ఇరుక్కున్న విశ్వవిద్యాలయం ముందుముందు ఎలా పెరగాలో చూపడానికి థర్మాకోలు, అట్టముక్కలు, రంగేసిన రంపపుపొట్టుతో చేసిన నమూనాని.

నన్ను చేసిన రోజున ముందర కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్లు చింది నా గ్రంథాలయం ఉబ్బింది. తరువాత వచ్చిన ప్రతి ఉపకులపతీ నా ముందు నిలబడి, గడ్డం నిమురుకుని, ఏదో ఒక భవనాన్ని ఎత్తి పక్కన పెట్టేవారు. ఇటుక పేర్చడం కష్టంగాని, అట్టపెట్టె జరపడం సుఖమే కదా. అందరి చేతికీ ముందు తగిలేది అమ్మాయిల హాస్టలు. గులాబీరంగుది, అగ్గిపెట్టెంత. గేటు పక్కనుంచి కొండవాలుకీ, అక్కడినుంచి మురుగుకాలవ ఒడ్డుకీ తిరిగి తిరిగి దాని అడుగున జిగురే మిగలలేదు.

ఆ హాస్టలు కోసం ఎదురుచూసే పిల్ల హైమావతి. పార్వతీపురం నుంచి వచ్చి, క్యాంపస్ ఇంజనీరు కామేశంగారి పెరటిగదిలో ఉంటూ చదువుకునేది. ఈ ఏడాది హాస్టలుకి పునాదైనా పడకపోతే చదువు మానిపించేస్తానని తండ్రి కబురంపాడు.

దసరాకి ఆఫీసుకు సున్నాలు వేస్తున్నారని కామేశంగారు నన్ను ఇంటికి తెచ్చారు. ఆయన భార్య భ్రమరాంబగారు బొమ్మల కొలువు పెడుతున్నారు. నన్ను చూసి, కొలువులో ఊరొక్కటే తక్కువైందనుకుంటే అమ్మవారే పంపిందని మురిసి, కింది మెట్టు ముందు కూర్చోబెట్టారు. నా ఆటస్థలంలో కొండపల్లి ఏనుగు నిలబడింది. పరీక్షల విభాగం ముందు చెట్టి, చెట్టెమ్మ కొట్టు తెరిచారు. హైమావతి హాస్టలును గేటు పక్కన పెట్టి, బొట్టు పెట్టింది.

భార్యతో కలిసి ఉపకులపతిగారు పేరంటానికి వచ్చారు. శనగలు నములుతూ నన్ను చూశారు. చెయ్యి అలవాటుగా హాస్టలు మీదికి పోయింది.

“ఇక్కడ కార్లు పెట్టుకుంటే బావుంటుందేమోనయ్యా, కామేశం.”

కామేశంగారు ఎప్పటిలాగే చిత్తం అనబోయారు.

“కదపకండి బాబుగారూ,” అన్నారు భ్రమరాంబగారు. “కొలువులో కూర్చోబెట్టింది దశమి దాకా కదపకూడదు.”

“ఇది ప్లానమ్మా.”

“మీకు ప్లానండి. బొట్టు పెట్టాక మాకు కొలువే.”

పేరంటాళ్లందరూ ఆ చేతినే చూస్తున్నారు. “తియ్యండి చెయ్యి. పండగపూట అపచారం,” అన్నారు ఆయన భార్య. చెయ్యి మళ్లీ శనగల్లోకి వెళ్లింది.

అప్పుడు హైమావతి మెల్లిగా అంది: “దశమి మంచిరోజు కదండీ. బొమ్మల్ని పడుకోబెట్టేలోపు అసలు గేటు పక్కనే కొబ్బరికాయ కొట్టేస్తే?”

ఆ మాట ఉపకులపతిగారి భార్యకు నచ్చింది. ఇక ఆయనకు నచ్చకపోయే వీలేముంది? దశమి పొద్దున్నే గేటు పక్కన శంకుస్థాపన జరిగింది.

అది అమ్మవారి మహిమో, పేరంటాళ్ల చూపో, అట్టముక్కని నేను, నాకేం తెలుసు? రెండూ ఒకటేనేమో అని కూడా అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ హాస్టలు అటక మీదే నా కాపురం. రంపపుపొట్టు రాలి నా పచ్చిక బట్టతలైంది. హైమావతిగారు ఇక్కడే వార్డెను. ఏటా దసరాకి నన్ను దింపి దులుపుతారు. కొబ్బరినీళ్లకి ఉబ్బిన గ్రంథాలయాన్ని ఇంతవరకూ ఎవరూ కట్టలేదు. ఈసారి దానికి బొట్టు పెట్టారు. కొత్త ఉపకులపతిగారింటికి పేరంటపు పిలుపు కూడా వెళ్లింది.