ట్యాపు కిర్రుమంటే

ఇనుములో మరలు కోయడంలో పెద్ద ఫిట్టరుకు ఎదురులేదు. మాట కలపడంలో మాత్రం ఆయన వట్టి మొద్దు. తండ్రి పోయాక తమ్ముడితో మాటా మాటా పెరిగి, వర్క్‌షాపు మధ్యలో రేకు గోడ లేచింది. ఇవతల అన్న, అవతల తమ్ముడు. ఒకరి ఆకురాయి చప్పుడు ఒకరికి వినపడుతూనే ఉంటుంది. ఏళ్లు గడిచినా పలకరింపు మాత్రం లేదు. ఇంట్లో వండేదీ ఆయనే, తినేదీ ఆయనే. రోజంతా నోరు తెరిచేది ఆవులింతకే. ఒంటరితనం అలవాటైపోయిందని తనకు తానే చెప్పుకుంటాడు. పచ్చి అబద్ధం.

ఆ రోజు ఉక్కు దిమ్మను వైసులో బిగించి, రంధ్రంలో మరలు కోసే ట్యాపు నిలబెట్టి, పిడిని రెండు చేతులా తిప్పుతున్నాడు. సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. అలా తిప్పితేనే లోపలి రజను తెగుతుంది. తండ్రి ఇద్దరు కొడుకులకూ నేర్పిన మొదటి పాఠం అదే. ఇవాళ ధ్యాస ఎటో పోయి, వెనక్కి తిప్పడం మరిచాడు. ట్యాపు కిర్రుమంది.

"ఆగన్నయ్యా! విరిగిపోతుంది! వెనక్కి తిప్పు!"

రేకు అవతలి నుంచి తమ్ముడి గొంతు! పెద్ద ఫిట్టరు చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మెల్లగా వెనక్కి తిప్పాడు. ట్యాపు బతికింది. "సరేరా" అందామనుకున్నాడు. ఈలోగా అవతల ఆకురాయి మళ్లీ మొదలైంది. ఇంత మనిషివి, ఒక్క మాట అనలేకపోయావా అని తనను తానే తిట్టుకున్నాడు.

తర్వాతి రంధ్రంలో నూనె వేయలేదు. డబ్బా నిండుగానే ఉంది, చేతికి అందేంత దూరంలోనే ఉంది. అయినా కావాలనే పొడిగా తిప్పాడు. ట్యాపు విరిగితే ముక్క లోపలే ఇరుక్కుంటుంది, దిమ్మ తుక్కులో పడుతుంది, ఇన్నేళ్ల పేరు మంటగలుస్తుంది. అన్నీ తెలిసే తిప్పాడు. ఆ గొంతు ఇంకొక్కసారి వినాలి.

కిర్రు.

అవతల ఆకురాయి ఆగింది. మాట మాత్రం రాలేదు. ఇంకాస్త తిప్పాడు. ట్యాపు ఈసారి మరీ గట్టిగా అరిచింది.

రేకు కింది సందులోంచి ఒక నూనె డబ్బా ఇవతలికి జరిగింది. దాన్ని నెట్టిన చెయ్యి వెంటనే వెనక్కి పోలేదు.

"నూనె అయిపోతే అడగొచ్చుగా!" అన్నాడు తమ్ముడు, కసురుతున్నట్టే.

పెద్ద ఫిట్టరు తన నిండు డబ్బాను చప్పుడు కాకుండా బల్ల కింద దాచేశాడు.

"అయిపోయిందిరా," అన్నాడు.