కార్ఖానా జట్టు కెప్టెన్

పికప్ వెనకభాగాన్ని బుచ్చన్న మూడోసారి కడిగాడు. రేకు అతుకుల్లో ఎండిన నెత్తురు వదలడం లేదు. పొద్దున పదింటికి తోటి కూలీ ఖాజావలిని అందులోనే వేసుకుని సౌదీలోని హఫర్ అల్ బాతిన్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారని రెండింటికి డ్రైవరు తిరిగొచ్చి చెప్పాడు.

1991 జూన్. కువైట్ యుద్ధం ఆగి నాలుగు నెలలు కావస్తోంది. సైన్యాలు ఖాళీ చేసిన చోట ఇనుము, ముళ్లతీగ, చెక్కపెట్టెలు ఏరి లారీలకెత్తడం పని. మనిషికి నెలకు నాలుగువందల యాభై రియాళ్లు. పేలని బాంబులుంటాయని ఒక మూలకు ఎర్ర రిబ్బను కట్టి ఉంది. వారం రోజులుగా ఎవరూ దాన్ని దాటలేదు. ఆ పొద్దున ఫోర్మన్ పీరయ్య వచ్చి, "సోల్జర్లు అంత చూసి పోయిన్రు. ఏం లేదు. లోపటికి నడువున్రి" అన్నాడు.

కర్నూలు ఖాజావలి జంకాడు.

"మా పీరన్న చెప్పిండంటే నడువు భాయ్. అబద్ధమాడే మనిషి కాదు" అని బుచ్చన్నే అతని భుజం తట్టి పంపాడు. పది నిమిషాల తర్వాత ఖాజావలి ఒక రేకుడబ్బాను పక్కకు తీయబోతే అది పేలింది.

బుచ్చన్నదీ పీరయ్యదీ కోరుట్ల. అక్కడి బీడీ కార్ఖానా కబడ్డీ జట్టుకు పీరయ్య కెప్టెన్. ఆట మొదలయ్యే ముందు అతను విప్పిన అంగీ ఎవరు పట్టుకోవాలా అని పిల్లలు కొట్టుకునేవాళ్లు. బుచ్చన్నకు పదేళ్లప్పుడు మెట్‌పల్లితో ఫైనల్. పాయింట్లు సమానం, ఆఖరి కూత. కూతకొచ్చినవాడి వేలు పీరయ్య పిక్కకు తగిలింది. ఎవరూ చూడలేదు. పీరయ్యే చెయ్యెత్తి బయటికి నడిచాడు. జట్టు ఓడింది. మెట్‌పల్లివాళ్లే అతన్ని భుజాల మీద ఎత్తుకున్నారు. ఈ సంగతి బుచ్చన్న ఎడారికొచ్చాక కూడా, వినేవాళ్లు దొరికితే చెబుతూనే ఉన్నాడు. ఖాజావలి రెండుసార్లు విన్నాడు.

మూడింటికి పీరయ్య అరబ్బీ కాగితం, సిరా డబ్బా పట్టుకుని వచ్చాడు.

"ఏలుముద్ర ఎయ్ తమ్మీ."

"ఏం కాయితమే అన్నా?"

"సాక్ష్యం. ఖాజావలి తనంతట తనే తూటాల ఇత్తడి ఏరుకోను పోయిండని."

"నువ్వు పొమ్మంటెనే పోయిండు గదనే!"

"కంపెనీ ముదీర్ నాకు చెప్పిండు, నేను మీకు చెప్పిన. ఇప్పుడు గా ముదీరే నాకెరుక లేదంటున్నడు. నా మెడకు సుట్టుకుంది."

"ఇది ఏస్తే ఆయన చేతికి ఏమన్న ఇస్తరా?"

"తప్పు వానిదైనంక ఎందుకిస్తరు? ఇంటికి తోలుతరు. నువ్వు ఎయ్యకుంటే నీకూ ఖురూజే. రేపే టికెట్టు. ఒక్క జట్టోళ్లం గదరా మనం."

బుచ్చన్న అతని మొహంలోకి చూశాడు. "మెట్‌పల్లి ఆటల చెయ్యెత్తినవు గదన్నా. అంపైర్ సుత చూడలే. నువ్వే ఎత్తినవు."

పీరయ్య నవ్వాడు. "చూసిండురా పిచ్చోడా. పక్కనే ఉండె. విజిల్ నోట్ల పెట్టుకున్నడు. ఎట్లైన పోయేదే, జర ముందుగాల చెయ్యెత్తితే పేరన్న మిగుల్తదనుకున్న. మిగిలింది గద! పదిహేడేండ్ల సంది నువ్వే ఊరంత చెప్పుకుంట తిరుగుతున్నవు."

పీరయ్య తన భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. "చెయ్యి తుడుసుకో."

బుచ్చన్న తుడుచుకున్నాడు. పీరయ్య సిరా డబ్బా మూత తీసి పట్టుకున్నాడు.

"పొమ్మన్నది నువ్వు. నీ మాట నమ్మమని తోలింది నేను" అన్నాడు బుచ్చన్న. "గా రెండు ముచ్చట్లు రాపిచ్చుకరా. ఏలు ఏస్త. దీని మీద మాత్రం ఎయ్య."

"నీకు ఇల్లు యాదికొచ్చినట్టుంది."

"పంపియ్యి."

గుడారంలో పన్నెండుమంది అన్నం తింటున్నారు. వాళ్ల వేలిముద్రల కోసం పీరయ్య కాగితం పట్టుకుని అటు నడిచాడు. బుచ్చన్న అతనికంటే ముందే వెళ్లి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. లోపలివాళ్లు చేతిలో ముద్ద ఆపి ఇద్దరినీ చూశారు.