పిన్నులు లేని చున్నీ

నేను ఒక చున్నీని. నీలం రంగు. గద్వాల దగ్గర ఒక ఊళ్లో బడిపిల్లలకు పంచిన బట్టల్లో వచ్చి నవనీత భుజాల మీద పడ్డాను. రెండు వైపులా పిన్నులు గుచ్చి బిగిస్తే ఊపిరాడక గింజుకునేదాన్ని. ఒకచోట కుదురుగా ఉండటం నా జాతకంలో లేదు మరి.

తొమ్మిదో తరగతి అవగానే ఆ పిల్లకు పెళ్లి చేసేశారు. పదో తరగతి పరీక్షలప్పుడు కడుపుతో ఉంది, రాయలేకపోయింది. కొడుకు పుట్టాక నన్ను దూలానికి కట్టి ఉయ్యాల చేశారు. సరే, ఊగడం నాకిష్టమే! కానీ చూడవచ్చిన వాళ్ల మాటలకు ముడి విప్పుకుని మీద పడాలనిపించేది. "గింత పోరికి అప్పుడే పిల్లగాడా? సిగ్గు లేకపాయె!" అనేవాళ్లు. పెళ్లిలో మారు వడ్డించుకుని తిన్నది వీళ్లే.

ఈ ఏడు పరీక్ష రాస్తానని నవనీత పట్టుబట్టింది. "ఒక్కసారే పంపుత. తప్పితే మల్ల బడి ముచ్చట ఎత్తొద్దు" అంది అత్త. నవనీత నన్ను విప్పి, ఉతికి, మళ్లీ పిన్నులు పెట్టుకుంది. పిల్లతల్లి అని తెలిస్తే పరీక్ష జరిగే బడి గేటు దగ్గరే తిప్పి పంపుతారని తల్లి కళమ్మకు భయం. అందుకే మనవణ్ని చంకనేసుకుని, అడిగిన వాళ్లందరికీ "నా కొడుకే" అని చెప్పింది. ముప్పై మూడేళ్ల మనిషి, ఎవరు అనుమానిస్తారు? ఆమెకూ ఇలాగే చిన్నప్పుడే పెళ్లి చేశారు కదా!

ఆ రోజు లెక్కల పరీక్ష. సగం అయిందో లేదో బయట పిల్లాడు ఏడుపు అందుకున్నాడు. నవనీత పెన్ను ఆగింది. పాలు చేపుకొచ్చి బట్టలు తడిశాయి. గబగబా పిన్నులు పీకి నన్ను ముందుకు కప్పుకుంది. అయ్యో, నేను మాత్రం ఎంతని పీల్చుకోను!

కాపలా ఉన్న మేడం చూడనే చూసింది. "చున్నీ కింద ఏం దాచినవ్? చిట్టీలా? లే!"

నవనీత వేళ్లు నన్ను నలిపేశాయి. బయట పిల్లాడి ఏడుపు ఆగడం లేదు. వేళ్లు నన్ను వదిలేశాయి.

"చిట్టీలు గావు మేడం. ఏడుస్తున్నోడు నా కొడుకు. వానికి ఆకలైతుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. మేడం తడిసిన నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "కూసో. రాయి. ఇంక టైమున్నది."

నవనీత చివరిదాకా రాసింది. బయటికొచ్చి, అందరి ముందూ "నా కొడుకును ఇయ్యమ్మా" అంది. మెట్ల మీద కూర్చుని నన్ను కప్పి పాలిచ్చింది. కళమ్మ తల దించుకుని, కాసేపటికి ఎత్తింది.

నేను మళ్లీ దూలానికి ఊగుతున్నాను. నా పిన్నులు రెండూ నవనీత పుస్తెలతాడుకు వేలాడుతున్నాయి. ఫలితాలు ఇంకా రాలేదు, నాకు కాలు నిలవడం లేదు. నవనీత ఊపుతూ కొడుకు చెవిలో రోజూ ఒకే మాట చెబుతోంది:

"నేను పాసైతే ఈ ఉయ్యాల మల్ల విప్పుత. అప్పుడు ఏడ్వకు బిడ్డా."