పదకొండు ఒకట్లు

మా ఆయన పద్మనాభయ్య మైపాడులో లెక్కల అయ్యవారు. పంతొమ్మిదివందల యాభై ఎనిమిదిలో ఆయన చూపు పోయింది, దాంతో ఉద్యోగమూ పోయింది. ఇంట్లో కూర్చున్న మనిషి ఊరికే ఉన్నాడా? పదకొండు ఒకట్లు వరసగా రాస్తే వచ్చే సంఖ్యను పట్టుకున్నాడు. అది దేనితోనైనా శేషం లేకుండా పోతుందా? పోదని ఆయన నమ్మకం. తేల్చాలంటే లక్షా ఐదువేల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. చూపున్నప్పుడే వాటినన్నిటినీ ఒక లావుపాటి నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాడు, మహానుభావుడు.

ఐదో తరగతి చదివిన పాపానికి నేను దొరికాను. నేను ఒక సంఖ్య చదవడం, ఆయన మనసులోనే భాగించి శేషం చెప్పడం, నేను టిక్కు పెట్టడం. పులుసు మాడినా, తుఫాను వచ్చినా రోజుకు ఐదు. విసుక్కునేదాన్నే. కానీ శేషం చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి. చూపు లేని మనిషిలా ఉండేవాడు కాదు.

ఆరేళ్లకు నోటుబుక్కు అయిపోయింది. దేనితోనూ పోలేదు. మద్రాసులో ఎవరో ప్రొఫెసరుకు నాచేత ఉత్తరం రాయించాడు. జవాబు కార్డు కూడా నేనే చదవాల్సి వచ్చింది. 21649తో పోతుందట. భాగఫలం 513239.

ఆయన రెండింటినీ మనసులో గుణించుకున్నాడు.

"నిజమే. అంటే ఆ పొద్దు నేను శేషం తప్పు చెప్పినా. ఇంకెన్ని తప్పులు చెప్పినానో."

ఆ రోజునుంచి తన బుర్ర మీద తనకే నమ్మకం పోయింది. ఈ రోజు ఏ వారమో కూడా నన్నే అడిగేవాడు.

నాకు ఒళ్లు మండి నోటుబుక్కు తీశాను. ఇరవై ఒక్క వేల మూడువందల చిల్లర నుంచి లెక్క ఏకంగా ఇరవై రెండు వేల దగ్గరికి పోయింది. వేలు పెట్టి చూస్తే, సముద్రపు చెమ్మకు రెండు కాగితాలు అతుక్కుని ఉన్నాయి. సగం విడదీసి చూశాను. లోపల అరవై సంఖ్యలు, ఒక్క టిక్కూ లేదు. మధ్యలో 21649.

అప్పుడు తెలిసింది. నెలకు మూడు రోజులు నేను బయట కూర్చుంటాను, పుస్తకం ముట్టుకోను. ఆ మూడు రోజులూ ఆయనే పుస్తకం నా వైపు పట్టుకుని, తడుముకుంటూ కాగితం తిప్పేవాడు. దూరంనుంచి చదివిన మొద్దును, నేను గమనించలేదు.

పరిగెత్తుకుంటూ పోయి ఆయన వేళ్లు ఆ కాగితాల మీద పెట్టాను.

"మీ లెక్క తప్పలేదండీ! ఆ సంఖ్య నేను అసలు చదవనే లేదు. కాగితాలు అతుక్కున్నాయి, చూడండి."

తడిమి చూసి నవ్వాడు. కళ్లు కాస్త తేటపడ్డాయనీ, బడిపిల్లలు రోజూ అడుగుతున్నారనీ, ఆయన బాధపడకూడదని ఇన్నేళ్లుగా నేను చెప్పిన అబద్ధాలన్నీ తెలిసినట్టే నవ్వాడు.

"గంజి ఎప్పుడు పూసినావే, చెంచులక్ష్మీ?"

ఒట్టేశాను. ఏడ్చాను. టిక్కు లేని అరవై సంఖ్యలూ ఆయన ఒళ్లోనే ఉన్నాయి. ఆయన నా తల నిమిరి, ఈ రోజు ఏ వారమని అడిగాడు.